లోచ్ చేపల్లో మీ ట్యాంకుకు ఏది నప్పుతుంది, దానికి ఏం పెట్టాలి

"అడుగున పడింది తిని బతికేస్తాయి సార్, వీటికి వేరే మేతెందుకు?" మొదటిసారి లోచ్‌లు కొన్నప్పుడు షాపులో నాకు చెప్పిన మాట ఇది. నమ్మాను. నాలుగు కుహ్లీ లోచ్‌లు తెచ్చి, గప్పీలు, టెట్రాలు ఉన్న రెండడుగుల ట్యాంకులో వదిలాను. రోజూ పొద్దున ఫ్లేక్స్ వేసేవాణ్ణి. అవి నీళ్ల పైనే మాయమైపోయేవి. మూడు నెలల తర్వాత మొక్కలు సర్దుతుంటే కర్రముక్క కింద నుంచి ఒక కుహ్లీ బయటికొచ్చింది. దారప్పోగులా ఉంది. తల ఒక్కటే లావుగా, వెనక ఒళ్లంతా సన్నగా. మిగతా మూడింటి జాడే లేదు. పైన గప్పీలేమో పొట్టలు ఉబ్బి తిరుగుతున్నాయి.

ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా లోచ్‌లు పెంచుతున్నాను. స్నేహితుల ట్యాంకులూ చూస్తుంటాను. నేను చూసినంతలో మన ఇళ్లలో లోచ్‌లు ఎక్కువగా ఆకలితోనే పోతున్నాయి, అదీ నిండుగా మేత పడే ట్యాంకుల్లో. రెండో కారణం ఎండాకాలం. అందుకే ఏ లోచ్ కొనాలని అడిగినవాళ్లను నేను ముందు రెండు సంగతులు అడుగుతాను. మే నెలలో మీ ట్యాంకు నీళ్లు ఎన్ని డిగ్రీలకు పోతాయి? రాత్రి లైటు ఆపాక దానికి విడిగా మేత వేసే ఓపిక ఉందా? రంగు, చారలు, ధర తర్వాత చూసుకోవచ్చు.

ఏది కొన్నా కొన్ని లక్షణాలు అన్నింటికీ ఒకటే. నోటి చుట్టూ మీసాలుంటాయి, వాటితోనే మేత వెతుక్కుంటాయి. పొలుసులు మరీ చిన్నవి, కొన్నిటికి దాదాపు ఉండవు, కాబట్టి మందులు తొందరగా ఒంట్లోకి ఎక్కి హాని చేస్తాయి. హిల్‌స్ట్రీమ్ తప్ప మిగతావాటికి కంటి కింద మడిచి దాచుకునే ముల్లు ఉంటుంది. వలతో పడితే అది వలలో చిక్కుకుని కన్ను దెబ్బతింటుంది. అందుకే నేను లోచ్‌లను ప్లాస్టిక్ డబ్బాతోనే పడతాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఇవి గుంపు చేపలు. జత తెచ్చి వదిలితే దాక్కుని దాక్కుని చిక్కిపోతాయి. కనీసం ఐదారు ఉండాలి.

కుహ్లీ: చాలామందికి ఇదే

రెండు, రెండున్నర అడుగుల ట్యాంకు ఉన్నవాళ్లకు నేను ముందుగా చెప్పేది కుహ్లీనే. ఆగ్నేయాసియా అడవుల్లో, ఆకులు రాలి పడిన నెమ్మది నీళ్లలో బతికే చేప. చూడటానికి చిన్న పాములా ఉంటుంది, పసుపు మీద ముదురు గోధుమ పట్టీలు. ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు పెరుగుతుంది. ఎవరి జోలికీ పోదు. నియాన్ టెట్రాలు, రాస్బోరాలు, గప్పీలు, కోరీలు, దేనితోనైనా ఉంటుంది. చక్కగా చూసుకుంటే పదేళ్లు బతుకుతుంది.

60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న మామూలు రెండడుగుల ట్యాంకులో 54 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో పైన చేపలు తక్కువగా ఉంటే ఆరు కుహ్లీలకు సరిపోతుంది. మూడడుగులదైతే పది కూడా పెట్టుకోవచ్చు. కుహ్లీలు ఎంత ఎక్కువుంటే అంత ధైర్యంగా బయట తిరుగుతాయి. మా ఇంట్లో నాలుగున్నప్పుడు కనిపించేవే కావు. ఎనిమిదయ్యాక సాయంత్రం ఆరింటికే అద్దం పక్కన జడలా అల్లుకుని ఈదడం మొదలుపెట్టాయి.

దీనికి ఇసుక తప్పనిసరి. నోటినిండా ఇసుక తీసుకుని, అందులో తినేది ఉంచుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తుంది. దగ్గర్నుంచి చూస్తే రెండు బుగ్గల పక్కన సన్నటి ఇసుక ధార కారుతూ కనిపిస్తుంది. ఇక్కడే రంగు గులకరాళ్లకు, ఇసుకకు తేడా తెలుస్తుంది. షాపుల్లో అమ్మే పదునైన రంగు రాళ్ల మీద వీటి మీసాలు అరిగిపోతాయి, మేత రాళ్ల సందుల్లో పడి కుళ్లుతుంది. ఇల్లు కట్టేవాళ్ల దగ్గర దొరికే ఏటి ఇసుక జల్లించి, నీళ్లు తేటపడేదాకా పది పన్నెండుసార్లు కడిగితే చాలు. వేసేముందు గుప్పెడు ఇసుక మీద నిమ్మరసం పిండండి. బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టు, నీళ్లు గట్టిపడతాయి, అది వద్దు.

లోపమూ చెప్పాలి. కుహ్లీ పగలు సరిగ్గా కనిపించదు. ఇంటికొచ్చినవాళ్లకు చూపించుకోవడానికే అయితే నిరాశే. ఎంత చిన్న సందైనా దూరుతుంది. ఒకసారి మా ఫిల్టర్ శుభ్రం చేద్దామని మూత తీస్తే, లోపల స్పాంజి పక్కన బురదలో రెండు కుహ్లీలు హాయిగా పడుకుని ఉన్నాయి. ఎన్నాళ్లనుంచి ఉన్నాయో! ఆ రోజే నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజి తొడిగాను. మూతలో పైపులు పోయే సందులూ మూసెయ్యాలి.

యోయో: బోరు నీళ్లకూ, నత్తలకూ

ఇది మన దేశపు చేప. గంగా పరీవాహకంలో దొరుకుతుంది. శాస్త్రీయ నామం బోషియా అల్మోరే, ఉత్తరాఖండ్‌లోని అల్మోరా పేరు మీద వచ్చింది. ఒంటి మీద నల్ల గీతలు ఇంగ్లిషు వై, ఓ అక్షరాల్లా ఉంటాయి కాబట్టి మార్కెట్లో యోయో అయింది. పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్లు పెరుగుతుంది. పగలే తిరుగుతుంది, మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికొస్తుంది.

కుహ్లీకి, యోయోకి మధ్య తేల్చుకోలేకపోతే మీ నీళ్లను చూడండి. మా ఇంటి బోరు నీళ్లు టీడీఎస్ మీటరులో, అంటే నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేదాంట్లో, 700 చూపిస్తాయి. కుహ్లీ పుట్టింది మెత్తటి నీళ్లలో. అంత గట్టి నీళ్లలో పెట్టాలంటే నేను సగం ఆర్‌వో నీళ్లు కలుపుతాను. యోయో అలాంటి నీళ్లను బాగానే తట్టుకుంటుంది, 29, 30 డిగ్రీల వేడినీ కుహ్లీ కంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది. బోరు నీళ్లు తప్ప వేరే దారి లేనివాళ్లకు నా ఓటు యోయోకే. మున్సిపల్ నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ పోగొట్టే మందు వేశాకే ట్యాంకులో పోయాలి. అది ఏ చేపకైనా తప్పదు.

కానీ జాగా కావాలి. ఐదు యోయోలకు నాలుగడుగుల ట్యాంకు, అంటే రెండు వందల లీటర్లకు పైన. ఇవి తమలో తాము పెద్దరికం కోసం పోట్లాడుకుంటాయి. ఆ సమయంలో నల్ల గీతలు వెలిసిపోయి ఒళ్లు బూడిద రంగుకు మారుతుంది. మొదటిసారి చూసి జబ్బేమో అని టెన్షన్ పడ్డాను. పది నిమిషాల్లో రంగు మామూలైంది. ఐదారుంటే ఆ పోట్లాట అందరికీ పంచుకుపోతుంది. రెండే ఉంటే చిన్నది చచ్చేదాకా దెబ్బలు తింటుంది. ఫైటర్, గప్పీ, ఏంజెల్ లాంటి పొడుగు తోకల చేపలతో పెట్టకండి, తోకలు కొరుకుతాయి. చిన్న రొయ్యలు పెంచే ట్యాంకులో అసలు వద్దు.

నత్తల కోసమే యోయో కొనేవాళ్లు చాలామంది. నత్తల్ని తింటుంది, నిజమే. పెంకులోంచి లాగి మరీ తింటుంది. అయితే నత్తలు పెరిగేది మనం ఎక్కువ మేత వేయడం వల్ల. రెండడుగుల ట్యాంకులో నత్తలున్నాయని యోయో తెస్తే, నత్తలు పోయాక ఆ చేపను ఎక్కడ పెడతారు? దానికంటే రాత్రి ఒక కీరా దోసకాయ ముక్క అడుగున పెట్టి, పొద్దున నత్తలతో సహా తీసిపారేయండి. రెండు వారాలు మేత తగ్గించి ఇలా చేస్తే చాలావరకు అదుపులోకి వస్తాయి.

జీబ్రా లోచ్: మన కృష్ణా చేప

దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. బోషియా స్ట్రయేటా పశ్చిమ కనుమల చేప. కృష్ణా పరీవాహకం ఎగువన, మహారాష్ట్ర, కర్ణాటక ఏరుల్లో ఉంటుంది. 1920లో సి.ఆర్. నారాయణరావు గారు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఒళ్లంతా సన్నటి చారలు, ఎనిమిది సెంటీమీటర్ల సైజు, యోయో కంటే నెమ్మది స్వభావం. ట్యాంకు కోసమే పుట్టిందేమో అనిపించే చేప. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. ఏరులు పాడవడం ఒక కారణమైతే, అక్వేరియంల కోసం పట్టి అమ్మడం ఇంకో కారణం. మన దగ్గర అమ్మేవాటిలో ఏది ఏటిలో పట్టింది, ఏది ఫారంలో పెంచింది అన్నది షాపువాళ్లు సాధారణంగా చెప్పలేరు. పెంచినవే అని గట్టిగా తెలిస్తే తప్ప నేను కొనను, మీరూ కొనొద్దని అడుగుతున్నాను. మనం తాగే నదికి ఎగువన ఉన్న చేప అది.

క్లౌన్: ఇరవై ఏళ్ల బాధ్యత

నారింజ రంగు మీద మూడు నల్ల పట్టీలు. షాపులో అందరి కళ్లూ దీనిమీదే. అక్కడ ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. సుమత్రా, బోర్నియో నదుల నుంచి వచ్చిన ఈ చేప ముప్ఫై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఇరవై ఏళ్లు పైబడి బతుకుతుంది. పెరుగుదల నెమ్మది కాబట్టి మొదటి రెండేళ్లు మోసపోతాం. ఐదు క్లౌన్‌లకు చివరికి ఆరడుగుల ట్యాంకు కావాలి, ఐదారు వందల లీటర్లు. ఆ స్థలం, ఆ బరువు మోసే స్టాండు, బలమైన ఫిల్టర్ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి చేపను నేను చెప్పలేను. తెలివైనది, మేత తింటూ టక్ టక్ మని చప్పుడు చేస్తుంది. వేడి నీళ్లు ఇష్టపడుతుంది, 25 నుంచి 30 డిగ్రీలు, కాబట్టి మన వాతావరణం దానికి ఇబ్బంది కాదు. పక్కకు వాలి చచ్చినట్టు పడుకుంటుంది, అది దాని నిద్ర. మూడడుగుల ట్యాంకు ఉన్నవాళ్లు మాత్రం "పెరిగాక చూద్దాం" అనుకోకండి.

తెల్లమచ్చల జబ్బు అన్ని లోచ్‌లకూ వస్తుంది, క్లౌన్‌కు అన్నిటికంటే ముందు వస్తుంది. అప్పుడు ట్యాంకులో గుప్పెడు రాళ్లుప్పు వేయడం మన దగ్గర అలవాటు. లోచ్‌లకు అది మంచిది కాదు. వేడిని ఒకటి రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీలకు పెంచి, గాలి పంపు గట్టిగా పెట్టి, మందును సీసా మీద రాసిన దాంట్లో సగం మోతాదుతో వాడండి. ఒంటి మీద మచ్చగా ఉన్నప్పుడు ఆ క్రిమికి మందు తగలదు. రాలి నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. వేడి ఆ దశను తొందరగా రప్పిస్తుంది. మచ్చలు పోయాయని ఆపేయకుండా ఇంకొన్ని రోజులు కొనసాగించాలి.

హిల్‌స్ట్రీమ్, డోజో

హిల్‌స్ట్రీమ్ లోచ్ అద్దానికి అతుక్కుని చిన్న టేకు చేపలా (స్టింగ్‌రే) చూడముచ్చటగా ఉంటుంది. కొండవాగుల చేప, 20 నుంచి 24 డిగ్రీల నీళ్లు, జోరైన ప్రవాహం కావాలి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 దగ్గర ఏడున్నరే. విజయవాడ మే నెలలో ఆ చేప పరిస్థితి ఊహించుకోండి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనే ఉద్దేశం లేకపోతే తెలుగు రాష్ట్రాల్లో దీన్ని వదిలేయడమే మంచిది. డోజో కూడా చల్లటి నీళ్లదే, పైగా ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది. అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉన్న మనవాళ్లకు లెక్క తిరగబడుతుంది. ఇల్లు ఏడాదంతా 20, 22 డిగ్రీలుంటే హీటర్ లేకుండా ఈ రెండూ చక్కగా ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌తో కలిపి పెట్టుకోదగ్గ లోచ్ డోజో. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు డోజోను నిషేధించాయి, కొనేముందు కనుక్కోండి.

మేత: ఏది, ఎప్పుడు, ఎలా

ఏ లోచ్ కొన్నా అసలు పని ఇక్కడుంది. మా ఇంట్లో ఇలా జరుగుతుంది. రాత్రి తొమ్మిదింటికి పై చేపలకు ఫ్లేక్స్ వేస్తాను, అవి కడుపు నింపుకుంటాయి. లైటు ఆపి అరగంట ఆగుతాను. తర్వాత అరంగుళం పీవీసీ పైపు ముక్కను ట్యాంకు అడుగుదాకా నిలబెట్టి, అందులోంచి మునిగే గుళికలు వదులుతాను. అవి నేరుగా అడుగున ఉన్న మట్టి ప్రమిదలో పడతాయి. ప్రమిద కొత్తది, నూనె తగలనిది, ఒకరోజు నీళ్లలో నానబెట్టింది. వారం తిరిగేసరికి కుహ్లీలు పైపు చప్పుడుకే ప్రమిద చుట్టూ చేరడం నేర్చుకున్నాయి. పొద్దున మిగిలింది ప్రమిదతో సహా పైకి తీసి కడిగేస్తాను, ఇసుక పాడవదు.

రెండు నిమిషాల్లో తినేంతే వేయాలన్న సూత్రం పై చేపలకు. లోచ్‌లు రాత్రంతా నెమ్మదిగా తింటాయి. ఎంత వేయాలో వాటి పొట్టే చెబుతుంది. పక్కనుంచి చూస్తే పొట్ట కొంచెం గుండ్రంగా ఉండాలి. తల వెనక వీపు కత్తి అంచులా కనిపిస్తే మేత చాలడం లేదు. బాగా తింటూ కూడా అలాగే ఉంటే లోపల పురుగులున్నట్టు అనుమానించాలి. దాన్ని విడి ట్యాంకులో పెట్టి లెవామిసోల్ లాంటి పురుగుల మందు, తెలిసినవాళ్లను అడిగి మోతాదు చూసుకుని వాడాలి.

మేతల్లో ఏది మేలంటే, రోజూ వేయడానికి రొయ్య లేదా చేప పొడితో చేసిన మునిగే గుళికలు. కుహ్లీ నోరు చిన్నది, ఒక మిల్లీమీటరు గుళికలు కావాలి. యోయో, క్లౌన్‌లకు పెద్దవి. నాచు బిళ్లలు, అంటే ఆల్గే వేఫర్లు, పక్క మేతగా పనికొస్తాయి. వాటి మీదే బతకమంటే కుదరదు, లోచ్‌లు ఎక్కువగా మాంసాహారులు. నాచు తినిపిద్దామని కుహ్లీనో యోయోనో కొనడం కూడా పొరపాటే, అవి నాచు జోలికి పెద్దగా పోవు.

వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్, అంటే గడ్డకట్టించి అమ్మే చిన్న ఎర్ర పురుగులు, వేస్తాను. ముక్కను గిన్నెలో కరిగించి, టీ వడపోతలో కడిగి వేయాలి. కొందరికి వీటివల్ల చేతులు దురదపెట్టి, తుమ్ములొస్తాయి, ముఖ్యంగా ఎండబెట్టిన రకంతో. చెంచా వాడండి. షాపుల్లో బతికున్న ట్యూబిఫెక్స్ అనే సన్నటి పురుగు చవగ్గా దొరుకుతుంది, లోచ్‌లు దాన్ని చూస్తే పడి చస్తాయి. అయినా నేను మానేశాను. మురుగు కాల్వల బురదలో పెరిగేది అది, ఎంత కడిగినా రోగం వెంట రాదన్న నమ్మకం లేదు. దాని బదులు పెరట్లో మందులు కొట్టని మట్టిలో దొరికే ఎర్రలు మేలు. కడిగి, సన్నగా తరిగి వేస్తే యోయోలు లాక్కుని తింటాయి. యోయో, క్లౌన్‌లకు పచ్చి రొయ్య ఒలిచి చిన్న ముక్కలు చేసి వారానికోసారి వేయొచ్చు, ఉప్పు, పసుపు తగలకూడదు.

కూరగాయల్లో కీరా దోస, పొట్టు తీసిన ఉడికిన పచ్చిబఠాణీ సరిపోతాయి. క్లౌన్‌లు ఇష్టంగా తింటాయి, కుహ్లీలు ముట్టుకుని వదిలేస్తాయి. అన్నం మెతుకులు, బ్రెడ్డు, బిస్కెట్ ముక్కలు వద్దు. ఇంట్లో పిల్లలకూ, పెద్దవాళ్లకూ ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

ఎండాకాలం, కొనే రోజు

మార్చి రాకముందే ట్యాంకులో థర్మామీటర్ పెట్టండి. నీళ్లు 31 దాటుతుంటే మూత కొంచెం తెరిచి, సన్నటి దోమతెర కప్పి, చిన్న ఫ్యాను నీళ్ల మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్, అనంతపురం లాంటి పొడి ఊళ్లలో ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో అంత తేడా రాదు, అక్కడ ట్యాంకును చల్లటి గదిలోకి మార్చడమే దారి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. కుహ్లీ, డోజో లాంటి లోచ్‌లు పైకొచ్చి గాలి గుటక వేసి పేగుల ద్వారా కూడా ఊపిరి తీసుకోగలవు. ఒకటి అప్పుడప్పుడూ పైకి రావడం మామూలే. అన్నీ వరసగా వస్తుంటే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందని అర్థం.

లోచ్‌లను కొత్త ట్యాంకులో వదలొద్దు. ఫిల్టర్ నడిచి, నీళ్లు కుదురుకుని మూడు నెలలయ్యాక తీసుకోండి. నేనైతే ఏప్రిల్, మే నెలల్లో కొనను, వానలు పడ్డాక కొంటాను. షాపులో మేత వేయించి చూడండి, తిననివి వద్దు. పొట్ట లోపలికి పోయినవి ఎంత తక్కువకిచ్చినా వద్దు. కంటి కింద ముల్లు కవరును చీలుస్తుంది, రెండు కవర్లలో కట్టమనండి. ఇంట్లో వేరే చేపలుంటే మూడు వారాలు విడిగా ఉంచి గమనించాలి. ఎప్పుడైనా పెంచలేని పరిస్థితి వస్తే షాపుకో, పెంచేవాళ్లకో ఇచ్చేయండి, చెరువులో మాత్రం వదలకండి. అక్వేరియంల నుంచి వచ్చిన సక్కర్ చేపలు ఇప్పటికే మన చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్నాయి.

తెచ్చిన రోజు మేత వేయకండి, లైటు కూడా ఆపేయండి. మర్నాటి నుంచి రాత్రి కొద్దికొద్దిగా వేస్తూ, పొద్దున ప్రమిదలో ఎంత తగ్గిందో చూసుకోండి. వారం దాకా చేప కంటికి కనపడకపోయినా ఇసుకంతా కెలికి వెతకొద్దు. మా కుహ్లీలు మొదటిసారి నా కళ్లముందు ప్రమిద దగ్గరికి రావడానికి పదిహేను రోజులు పట్టింది.